ఇంటి కిస్తీ కట్టలేనప్పుడు

దోహాలో ఉద్యోగం, ఊళ్లో ఇంటి అప్పు: మనలో చాలామంది బతుకిదే. 2020 మార్చిలో కరోనా ముంచుకొచ్చినప్పుడు ఖతార్ 7,500 కోట్ల రియాళ్ల ప్యాకేజీ ప్రకటించింది. ప్రైవేటు రంగం అప్పుల వాయిదాలను ఆరు నెలలు వెనక్కి జరపమని బ్యాంకులను ప్రోత్సహించింది. మన రిజర్వు బ్యాంకు ఆ ఏడాది ఆగస్టు 31 దాకా కిస్తీలు ఆపుకోనిచ్చింది. తర్వాత, అర్హులకు గడువును రెండేళ్ల వరకు పొడిగించే వీలూ ఇచ్చింది. అయితే వడ్డీ మాత్రం ఆగలేదు.

ఆ వెసులుబాట్లు ఇప్పుడు లేవు. కిస్తీ బకాయి 90 రోజులు దాటితే అప్పు మొండి బకాయి అవుతుంది. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు వస్తుంది. అప్పటికీ కట్టకపోతే బ్యాంకు ఇంటిని స్వాధీనం చేసుకోవచ్చు. అందుకే, ఉద్యోగం పోతే సిగ్గుపడకండి. మొదటి కిస్తీ తప్పకముందే గడువు పెంచమని, కిస్తీ తగ్గించమని బ్యాంకును రాతపూర్వకంగా అడగండి.