సోమరితనమును జయించుట



సోమరి అనగానే మంచముమీద పండుకొన్నవాడే మనకు జ్ఞాపకము వచ్చును. అయితే శతవార్షికోత్సవపు చందాలకు, కమిటీలకు నెలల తరబడి తిరిగిన మేము ఒక రాత్రి ఇల్లు చేరగా, "ఇప్పుడు మనము కుటుంబ ప్రార్థన చేసికొనుట లేదేమి?" అని పిల్లవాడు అడిగెను. మావద్ద జవాబు లేకపోయెను. ఆత్మసంబంధమైన సోమరితనము పనుల చాటున కూడ దాగియుండును.

కపెర్నహూములో ప్రొద్దుపోయినను రోగులను బాగుచేసిన ప్రభువు, తెల్లవారకముందే ఏకాంతముగా ప్రార్థించెనని మార్కు 1వ అధ్యాయము తెలుపుచున్నది. 6వ అధ్యాయములో, తినుటకైనను తీరికలేని శిష్యులను ఆయనే విశ్రాంతికి పిలిచెను. పని, ప్రార్థన, విశ్రాంతి — దేనికి తగిన వేళ దానికి కలదు.

కనుక పెద్ద తీర్మానములు వద్దు. ఈ రాత్రి దీపము ఆర్పకముందు ఇంటివారందరము పది నిమిషములు కూర్చుందము. ఒకదినము తప్పినయెడల నిరాశపడక మరునాడే మరల ఆరంభింతము.