చలికాలంలో తేనెటీగలు – పొందూరు సభలో మా మాట

  ఇందాకటి దాకా థింసా చూసి చప్పట్లు కొట్టారు. మా వంతుకి ఆటా లేదు, పాటా లేదు. సంఘం వాళ్లు మమ్మల్ని పిలిచి, తేనె పెట్టెలు పెంచుతున్నారు కదా, పిల్లలకు నాలుగు మాటలు చెప్పండి అన్నారు. తేనె గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. మేము చలి గురించి చెబుతాం. మేము నష్టపోయింది చలికాలంలోనే.

మేము అంటే సీతంపేట కొండల్లో ఒక ఊరి వాళ్లం, మూడు కుటుంబాలు. మొదటి ఏడు ఆరు పెట్టెలు పెట్టుకున్నాం. దసరా నాటికి ఆరూ నిండుగా ఉన్నాయి. సంక్రాంతికి రెండే మిగిలాయి. రెండు పెట్టెల్లో ఈగలు చచ్చి అడుగున రాలి ఉన్నాయి. ఇంకో రెండింట్లో చచ్చిన ఈగ కూడా లేదు, మొత్తం లేచిపోయాయి. ఊళ్లో కొందరు దిష్టి తగిలిందన్నారు. కొందరు పక్కూరి వాళ్లు ఏదో మందు చల్లారన్నారు. నిజం చెప్పాలంటే, కొన్నాళ్లు మేమూ ఆ మాటే నమ్మాం. ఎదుటివాళ్ల మీద నెట్టేస్తే మనసుకి హాయిగా ఉంటుంది కదా. తర్వాత చచ్చిన పెట్టెల పట్టులు బయటకు తీసి చూస్తే, చాలా ఈగలు గదుల్లోకి తలలు దూర్చి, తోకలు బయటకు పెట్టి చచ్చి ఉన్నాయి. అది ఆకలి చావు. గది అడుగున చుక్క తేనైనా దొరుకుతుందేమోనని దూరి, అక్కడే అయిపోయాయి. ఆ తేనె తీసుకుని సీసాల్లో పోసింది మేమే.

పెట్టెలో పెంచేది ఏ ఈగో ముందు చెప్పాలి. కొండ చరియలకు, పెద్ద చెట్ల కొమ్మలకు ఒక్కటే పెద్ద పట్టు పెట్టే కొండతేనె ఈగ పెట్టెలో ఉండదు. పొదల్లో అరచేతంత పట్టు పెట్టే చిన్న ఈగా ఉండదు. చెట్టు తొర్రలో, చీమల పుట్టలో, రాతి సందులో చీకట్లో ఉంటూ, పక్కపక్కన నాలుగైదు పట్టులు పెట్టుకునే పుట్టతేనె ఈగ ఉంది చూశారా, అదే పెట్టెకి వస్తుంది. ఇది మన దేశపు ఈగ. దీనికి ఒక గుణం ఉంది. నచ్చకపోతే ఉండదు. ఆకలేసినా, మాటిమాటికీ మూత తీసి కదిపినా, చీమలు పట్టినా, రాణిని తీసుకుని లేచిపోతుంది. ఇటలీ ఈగ కొంత ఓర్చుకుంటుంది గానీ మన ఈగకి పౌరుషం ఎక్కువ.

పొందూరులో ఉన్నవాళ్లకి మా చలి అర్థం కాకపోవచ్చు. ఇక్కడ తెల్లవారుజామున దుప్పటి కప్పుకుంటే సరిపోతుంది. కొండ మీద పుష్యమాసంలో పది గంటల దాకా మంచు వదలదు. చింతపల్లి వైపు లంబసింగిలో కొన్నేళ్లు సున్నా దగ్గరకు కూడా దిగుతుంది. ఆ ఊరిని కొర్రబయలు అని కూడా అంటారు. రాత్రి బయట ఉన్నవాడు కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు. మా ఊరు అంత పైన లేదు. అయినా ఈగకి మా చలి చాలు.

ఒంటరి ఈగకి చలిని తట్టుకునే శక్తి లేదు. పది డిగ్రీల చలిలో దాని ఒళ్లు మొద్దుబారిపోతుంది, ఎగరలేదు. గుంపుగా ఉంటే మాత్రం మన ఒంటి వేడికి దగ్గరగా వేడి పుట్టించగలదు. పిల్ల ఉన్న చోట 34, 35 డిగ్రీలు ఉండాలి. దానికోసం ఈగలన్నీ పట్టు మీద ముద్దగా చేరి, రెక్కలు ఆడించకుండానే రెక్కల కండరాలను వణికిస్తాయి. మనం చలికి పళ్లు కొరుక్కున్నట్టు అనుకోండి, కాకపోతే కావాలని చేస్తాయి. బయటి వరసలో ఉన్నవి కాసేపటికి లోపలికి జరుగుతాయి, లోపలివి బయటకు వస్తాయి. ఈ వేడికి కట్టెలు ఏమిటి? తేనె. మనం ఇంట్లో కట్టెలు దాచుకున్నట్టు అవి తేనె దాచుకుంటాయి. చలికాలం ముందు పెట్టె ఖాళీ చేయడమంటే, మంచు కురిసే రాత్రి పక్కింటివాడి కట్టెల మోపు ఎత్తుకుపోవడమే.

ఐరోపాలో, కెనడాలో బాగా చలి ఉండే చోట్ల నెలల తరబడి ఈగ పెద్దగా బయటకు రాదు. అక్కడ పెంచేవాళ్లు ఒక్కో పెట్టెలో చాలా తేనె వదిలేస్తారు. మనకి అంత అవసరం లేదు. ఎండ పడ్డాక మన ఈగ బయటకు వెళ్తుంది. వలిసెలు, ఆవాలు, కంది పూత ఉంటాయి. మన కష్టం ఏమిటంటే, పువ్వు ఉంటుంది గానీ పొద్దు చాలదు. మంచు విడిచేసరికి పదకొండు, మళ్లీ నాలుగు దాటితే చలి. ఆ నాలుగైదు గంటల్లో తెచ్చుకున్నది రాత్రి వేడికే ఖర్చయిపోతుంది. పైగా అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పట్టి వారం ముసురేస్తే అప్పటికే దాచుకున్నది సగం తినేస్తాయి. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చి ఉద్దానంలో జీడితోటలు, కొబ్బరితోటలు నేలకూల్చింది, మీకు గుర్తుండే ఉంటుంది. మనుషుల నష్టం లెక్కరాశారు. ఆ చెట్ల పూత మీద బతికే ఈగల లెక్క ఏ కాగితంలోనూ మాకు కనిపించలేదు.

ఇంక మా తప్పులు చెబుతాం. తేనె మొత్తం తీసేయడం మొదటిది, అది చెప్పేశాం. పెట్టెకి కింద ఒక గది, పైన ఒక గది ఉంటాయి. కింది గది పిల్లది, వాటి ఇల్లు. పై గదిలో చేరిందే మన వాటా. మేము ఆశకొద్దీ కింది గది పట్టుల పైఅంచున ఉన్న తేనె కూడా కోశాం. ఇప్పుడు కింది గది ముట్టుకోం. వానలు వెనకబట్టాక పై గదిలోది కూడా మొత్తం తీయం.

రెండో తప్పు బెల్లం. ఈగలు నీరసంగా ఉన్నాయని జాలిపడి బెల్లం నీళ్లు పెట్టాం. మనకి బెల్లం మంచిది కాబట్టి వాటికీ మంచిదే అనుకున్నాం. బెల్లంలో ఉండే మడ్డి వాటికి అరగదు, విరేచనాలు పట్టుకుంటాయి. చలిలో బయటకు వెళ్లలేక పట్టు మీదే పాడుచేస్తాయి, ఇల్లంతా రోగం. పెడితే తెల్ల పంచదార పాకమే పెట్టాలి. వానాకాలం కరువులో అయితే కిలో పంచదారకి లీటరు నీళ్లు. చలిలో చిక్కగా, రెండు కిలోలకి లీటరు. నీళ్లు ఎక్కువైతే ఆ నీరు ఆర్చుకోవడానికి మళ్లీ వేడి ఖర్చు. పొద్దు గూకాక పెట్టాలి, బయట చుక్క ఒలకకూడదు. పగలు పెడితే పక్క పెట్టెల ఈగలు దొంగతనానికి వస్తాయి. దొంగతనం మొదలైతే ఆపడం మన తరం కాదు.

సంతలో కొన్న తేనె కూడా ఈగలకి పెట్టకండి. అది ఏ గూటిదో, ఆ గూట్లో ఏ జబ్బు ఉందో తెలియదు. 1991, 92లో కర్ణాటక, కేరళ, తమిళనాడుల్లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ జబ్బు పాకింది. పిల్ల పురుగు నీళ్ల సంచిలా ఉబ్బి చచ్చిపోతుంది. ఆ జబ్బుకి అక్కడి పుట్టతేనె పెట్టెల్లో చాలా భాగం తుడిచిపెట్టుకుపోయాయి. బయటి నుంచి పెట్టెలు చవగ్గా వస్తున్నాయని ఎవరైనా చెబితే మేము అందుకే వెనకాడతాం.

మూడోది, చలి అని పెట్టెకి ప్లాస్టిక్ పట్టా చుట్టేశాం. ఇది మా తెలివితేటల్లో ముదురుది. ఈగలు తేనె తిని వేడి పుట్టిస్తుంటే ఊపిరితో పాటు తేమ వస్తుంది. ఆ తేమ చల్లటి మూతకి తగిలి నీటి బొట్లయి మళ్లీ వాటి మీదే పడుతుంది. పొడి చలిని తట్టుకునే గుంపు తడిస్తే తట్టుకోదు. ఇప్పుడు మేము గోనెసంచి కప్పి, దాని మీద వరిగడ్డి పరిచి, వాన పడకుండా పైన మాత్రమే రేకు పెడుతున్నాం. మూత కింద పల్చటి నూలు గుడ్డ వేస్తాం, తేమ పీల్చుకుంటుంది. పెట్టెను ముందుకి కాస్త వాలుగా పెడితే నీరు గుమ్మంలోంచి కారిపోతుంది. గుమ్మం తూర్పుకి ఉంచి, రెండు మూడు ఈగలు పట్టేంత సందు వదిలి మిగతాది మూసేస్తాం. పొద్దుటి ఎండ తగలాలి, గాలి కొట్టకూడదు. స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టాలి, లేకపోతే చీమలు.

కాశ్మీరులో ఇదే జాతి ఈగను ఇంటి మట్టిగోడలోనే గూడు కట్టి పెంచుతారు. గోడకి బయట ఈగల గుమ్మం, లోపల మనుషుల గది. పొయ్యి వేడి వాటికీ అందుతుంది. మా తాతలు వాడిన దుంగ తొర్ర కూడా పల్చటి చెక్క పెట్టె కన్నా వెచ్చనే. మేము కొత్తగా నేర్చుకున్నాం అనుకున్న వాటిలో సగం మా ఇంటి పెరట్లోనే ఉంది.

నాలుగోది కంగారు. ఎలా ఉన్నాయోనని రోజూ మూత తీసి చూశాం. తీసిన ప్రతిసారీ రాత్రంతా కూడబెట్టిన వేడి పోతుంది. ఇప్పుడు వెనక నుంచి పెట్టెను కాస్త ఎత్తి బరువు చూస్తాం. తేలిగ్గా ఉంటే పాకం పెడతాం. చెవి ఆనించి వింటే సన్నటి ఝుంకారం ఉంటుంది, అది ఉంటే బాగున్నట్టు. తప్పదంటేనే ఎండ బాగా వచ్చాక మూత తీస్తాం. ఈగలు కప్పలేని ఖాళీ పట్టులను చలి రాకముందే తీసేయాలి. కాపలా లేని పట్టుకి మైనపు పురుగు పడుతుంది. గుంపు మరీ చిన్నదైతే దాన్ని ఒంటరిగా చలికి వదలకండి. రాణి బాగాలేని గుంపులోంచి ఆ రాణిని తీసేసి, సాయంత్రం పూట గట్టి గుంపు మీద న్యూస్‌పేపరు పరిచి సన్న బెజ్జాలు చేసి, దాని మీద బలహీనమైనదాన్ని పెట్టాలి. కాగితం కొరుక్కునేసరికి వాసనలు కలిసిపోతాయి, కొట్లాడుకోవు. రెండు పెట్టెలు ఒకటయ్యాయని మనకి బాధగా ఉంటుంది. కానీ జనవరి చివరికి జీడిపూత వచ్చేసరికి ఒక గట్టి పెట్టె తెచ్చేంత తేనె, రెండు నీరసం పెట్టెలు కలిసి కూడా తేలేవు.

జీడిపూత అన్నాం కాబట్టి ఒక మాట. దోమ పడిందని పూత మీద మందు కొడతారు. కొట్టొద్దని మేము చెప్పలేం, వాళ్ల బతుకు అది. పొద్దు గూకాక కొట్టమని, ముందు రోజు ఒక మాట చెప్పమని అడుగుతున్నాం. చెబితే ఆ ఒక్క రోజు గుమ్మాలకి జాలీ పెట్టి ఉంచుతాం. అడిగిన వాళ్లలో కొందరు వింటున్నారు.

కొండతేనె ఈగకి పెట్టె లేదు, అది చలికీ కరువుకీ చోటు మారుతుంది, వందకు పైగా కిలోమీటర్లు కూడా పోతుంది. మళ్లీ అదే చెట్టుకి తిరిగి వస్తుంది. వచ్చిన గుంపుని రాత్రి మంట పెట్టి కాల్చి తేనె తీసే పద్ధతి ఇంకా ఉంది. మనవాళ్లే చేస్తున్నారు, దాచి ప్రయోజనం లేదు. ఆ పట్టులో తేనె ఒక పైమూలన ఉంటుంది, మిగతాదంతా పిల్ల. పొగ పెట్టి ఆ మూల కోసుకుంటే గుంపు మళ్లీ కట్టుకుంటుంది. కాలిస్తే ఈ ఏడు తేనె ఉంటుంది, పై ఏడు చెట్టు ఖాళీగా ఉంటుంది. 2006 అటవీ హక్కుల చట్టం తేనెను చిన్నతరహా అటవీ ఫలసాయంలో చేర్చి దాని మీద హక్కు మనకి ఇచ్చింది. 1956 నుంచి జీసీసీ ఉంది, కొంటోంది. చట్టం హక్కు ఇవ్వగలదు గానీ ఈగను తెచ్చి ఇవ్వలేదు.

ఇదంతా పొందూరులో ఎందుకు చెబుతున్నారని అడగొచ్చు. పొందూరు ఖాదీకి కొండపత్తి, పునాసపత్తి వాడతారు. వాలుగ చేప దవడతో దూది శుభ్రం చేసి సన్న నూలు వడికే చేతులు ఇక్కడివి. మేము మూత కింద వేసేదీ, తేనె వడకట్టేదీ ఇక్కడి గుడ్డ ముక్కలతోనే, ఖరీదైనవి కాదు లెండి, మిగులు ముక్కలు. ఖాదీని చూసుకునే ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషనే తేనెటీగల పెంపకాన్నీ చూస్తుంది. 2017లో హనీ మిషన్ మొదలుపెట్టింది. పక్కన ఆమదాలవలసలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. మీరు చదువుకున్నవాళ్లు, దరఖాస్తు రాయగలరు, వెళ్లి అడగగలరు. ఆ పనికి మేము తడబడతాం.

ఇంకో పని కూడా మీరే చేయాలి. మా అమ్మమ్మలకి ఒక్కో ఈగకి, పట్టులో ఒక్కో భాగానికి సవర మాటలు వేరేవేరే ఉన్నాయి. మాకు సగం కూడా రావు. గిడుగు రామమూర్తి గారు తన భాష కాకపోయినా నేర్చుకుని సవర వ్యాకరణం, నిఘంటువు రాశారు. మీ చేతిలో ఫోను ఉంది. పండక్కి ఇంటికి వెళ్లినప్పుడు ముసలమ్మ పక్కన కూర్చుని ఆ మాటలు రికార్డు చేసుకు రండి.

ఇప్పుడు మా దగ్గర ఐదు పెట్టెలు ఉన్నాయి. పోయిన చలికాలం ఒకటే పోయింది, అది ఎందుకు పోయిందో ఇంకా తేలలేదు. చూడాలనుకున్న వాళ్లు సంక్రాంతి సెలవుల్లో రండి. తెల్లచొక్కా వేసుకోండి, సెంటు పూసుకోకండి. పదకొండు దాటాక రండి, అంతకుముందు వచ్చినా మూత తీయం.