ఆడపిల్ల చదువుకు తోడు

(ఉగాది సభలో మహిళా విభాగము పక్షమున చేసిన ప్రసంగ పాఠము)

 

ఉగాది పచ్చడి రుచి చూసి, పంచాంగ శ్రవణము విని, ఎవరి రాశికి ఆదాయమెంత వ్యయమెంత అని లెక్కలు వేసుకుంటూ కూర్చున్నవారిని ఎక్కువసేపు నిలిపి వుంచడము న్యాయము కాదని నాకు తెలుసు. భోజనాల వేళ కూడా కావస్తున్నది. అయినా మహిళా విభాగమువారు ఆడపిల్లల చదువును గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను పండితురాలిని కాను. ముప్పై యేళ్ళు బడిలో పాఠాలు చెప్పాను, ఇద్దరు కూతుళ్ళను పెంచాను. నాకున్న అర్హత ఇంతే.

కొద్ది సంవత్సరాల క్రిందట అమెరికాలో వున్న మా పెద్దమ్మాయి దగ్గరకు వెళ్ళాను. ఒకనాడు అది నన్ను అక్కడి విశ్వవిద్యాలయము చూపించడానికి తీసుకువెళ్ళినది. ఒక ఇంటి గుమ్మము మీద పెద్ద పెద్ద గ్రీకు అక్షరాలు కనిపించినవి. “ఇదేమి గుడి అమ్మా?” అన్నాను. అది నవ్వి, గుడి కాదు, విద్యార్థినుల సహోదరీ సంఘము, సొరారిటీ అంటారు అని చెప్పినది. అందులో చేరిన పిల్లలు కలిసి వుండి చదువుకుంటారు. చదువు ముగిసి వెళ్ళిపోయిన తరువాత కూడా ఒకరికొకరు అక్కచెల్లెళ్ళ వరుసే. అటువంటి సంఘాలలో ఒకటి 1908లో హోవర్డు విశ్వవిద్యాలయములో నీగ్రో జాతి విద్యార్థినులు స్థాపించుకున్న ఆల్ఫా కప్పా ఆల్ఫా. రోదసీ నౌకల మార్గాలను లెక్కగట్టిన గణితవేత్త కేథరిన్ జాన్సన్ ఆ సంఘ సభ్యురాలు. నవలా రచయిత్రి టోనీ మారిసన్ ఆ సంఘ సభ్యురాలు. 2021 నుండి 2025 వరకు అమెరికా ఉపాధ్యక్షురాలిగా వున్న కమలా హారిస్ కూడా ఆ సంఘ సభ్యురాలే. ఒకరిది లెక్కల పుస్తకము, ఒకరిది కలము, ఒకరిది రాజ్యాంగము. సంఘము ఒకటే, దారులు మూడు.

ఇంటికి వచ్చిన తరువాత నాకు ఒక ఆలోచన కలిగినది. మనకు ఆ గ్రీకు అక్షరాలు లేవు. కాని మన పిల్లలకు అటువంటి గూడు ఎప్పుడూ లేకపోయినదా? ఉన్నది. మహిళా కళాశాలలు, వాటి హాస్టళ్ళు మనకు ఆ పని చేసిపెట్టినవి.

1914లో మదరాసు సముద్రపు టొడ్డున ఆడపిల్లల కోసము ఒక కళాశాల తెరిచారు. 1917 నుండి దానికి క్వీన్ మేరీస్ కళాశాల అని పేరు. మొదటి ప్రిన్సిపాలు డొరొతీ డి లా హే అనే ఆంగ్ల వనిత. అప్పటికి మన ఆంధ్ర జిల్లాలు మదరాసు రాజధానిలోనివే కనుక, అది మన కళాశాల కూడా అనుకోవడములో తప్పు లేదు. ఆ గుమ్మములో నుండి వెళ్ళినవారిలో ముగ్గురిని మాత్రము తలచుకుంటాను.

మొదటివారు జానకి అమ్మాళ్. తలచ్చేరిలో 1897లో పుట్టినవారు. అక్కడ చదివి, ప్రెసిడెన్సీ కళాశాలలో ఆనర్సు ముగించి, అమెరికాలో మిచిగన్ విశ్వవిద్యాలయము నుండి 1931లో వృక్షశాస్త్రములో డాక్టరేటు తీసుకున్నారు. కోయంబత్తూరులో చెరకు సంకరాల మీద పనిచేశారు. ఇంగ్లండులో డార్లింగ్టన్ అనే శాస్త్రజ్ఞునితో కలిసి, మనుష్యులు సాగుచేసే మొక్కల క్రోమోజోముల పట్టికను 1945లో గ్రంథముగా వెలువరించారు. స్వతంత్ర భారతములో వృక్ష సర్వేక్షణ శాఖను పునర్వ్యవస్థీకరించడానికి నెహ్రూగారు ఆమెను పిలిపించారు. 1977లో పద్మశ్రీ వచ్చినది.

రెండవవారు లక్ష్మీ స్వామినాథన్. క్వీన్ మేరీస్‌లో చదివి, 1938లో మదరాసు వైద్య కళాశాల నుండి పట్టము పుచ్చుకున్నారు. సింగపూరు వెళ్ళి వైద్యము చేస్తూ, 1943లో నేతాజీ పిలుపు మీద ఆజాద్ హింద్ ఫౌజులో ఝాన్సీరాణీ దళానికి నాయకత్వము వహించారు. మన ఇళ్ళలో ఆమెను కెప్టెన్ లక్ష్మి అనే ఎరుగుదురు. యుద్ధము ముగిసిన తరువాత కాన్పూరులో స్థిరపడి దశాబ్దాల తరబడి బీదలకు వైద్యము చేశారు. 2002లో రాష్ట్రపతి పదవికి పోటీచేశారు. 2012లో కన్నుమూశారు.

మూడవవారు మన తెలుగు ఆడపడుచు, అయ్యలసోమయాజుల లలిత. వీరి కథ కొంచెము నిదానముగా చెప్పవలసివున్నది. 1919లో పుట్టారు. పదిహేనవ ఏట పెళ్ళి. పద్దెనిమిదవ ఏట భర్త పోయేనాటికి చేతిలో నాలుగు నెలల ఆడపిల్ల. ఆ రోజులలో ఆ వయస్సు వితంతువుకు ఇంటిలో ఏ మూల దక్కేదో ఇక్కడి పెద్దవారికి చెప్పనక్కరలేదు. లలితగారు క్వీన్ మేరీస్‌లో ఇంటర్మీడియట్ ప్రథమశ్రేణిలో ముగించారు. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యులు. వైద్యములో చేరితే రాత్రింబవళ్ళు పని, చంటిపిల్లకు తల్లి అందదు. అందుకని ఇంజనీరింగు చదువుతానన్నారు. అంతవరకు ఆ కళాశాలలో ఒక్క ఆడపిల్ల అయినా లేదు. తండ్రిగారు ప్రిన్సిపాలు చాకోగారితో మాట్లాడి, ప్రభుత్వ విద్యాశాఖాధిపతి అనుమతి తెచ్చి, 1940లో చేర్పించారు.

సోదరీమణులారా, నేను మీ దృష్టికి తేదలచిన విషయము ఇక్కడ వున్నది. సీటు దొరికినది, హాస్టలులో గది దొరికినది, తోటి విద్యార్థులు మర్యాదగానే వున్నారు. అయినా వందలాది మగపిల్లల మధ్య ఒక్కతే ఆడపిల్ల. ఒంటరితనము పట్టుకున్నది. అప్పుడు ఆడపిల్లలు కూడా చేరవచ్చునని పత్రికలలో ప్రకటన వేయించారు. లీలమ్మ జార్జి, పి. కె. త్రేసియా అనే ఇద్దరు కేరళ పిల్లలు వచ్చి సివిల్ ఇంజనీరింగులో చేరారు. ఒకరు ముగ్గురైనారు. యుద్ధకాలము వల్ల చదువును కొన్ని నెలలు కుదించగా ముగ్గురూ ఇంచుమించు ఒకేసారి బయటికి వచ్చారు. పట్టాల మీద అచ్చులో మగవారికి వాడే మాట వుంటే, దానిని కొట్టివేసి ఆడవారికి వాడే మాటను చేతితో వ్రాయవలసివచ్చినదట!

ఆ తరువాత త్రేసియాగారు కేరళ ప్రజాపనుల శాఖలో చీఫ్ ఇంజనీరు పదవి దాకా వెళ్ళారు. లలితగారు జమాల్పూరు రైల్వే వర్కుషాపులో శిక్షణ పొంది, సిమ్లాలో పనిచేసి, తరువాత కలకత్తాలో ఒక పెద్ద విద్యుత్ యంత్రాల కంపెనీలో చాలా కాలము వున్నారు. భాక్రా నంగల్ ప్రాజెక్టు పనులలో వారి చేయి వున్నది. 1964లో న్యూయార్కులో జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల మహాసభకు వెళ్ళివచ్చారు. కూతురిని పెంచి పెద్దచేసి, చదువు చెప్పించారు. 1979లో పరమపదించారు.

తండ్రి తలుపు తీయించాడు, నిజమే. కాని ఆ గదిలో నిలబడడానికి తోడు కావలసివచ్చినది. ఆడపిల్ల చదువుకు డబ్బు కావాలి, తెలివి కావాలి అంటాము. తోడు కావాలని మాత్రము ఎవరమూ అనము.

ఇక మన ఊరి సంగతికి వస్తాను. మనము నాలుగు డబ్బులు సంపాదించుకోవడానికి వచ్చి, ఇల్లు కట్టుకొని, కన్నడము నేర్చుకొని, పిల్లలను పెంచుకున్న ఊరు ఈ బెంగుళూరు. ఇక్కడ వసంతనగరులో, ప్యాలెస్ రోడ్డు మీద మౌంట్ కార్మెల్ కళాశాల వున్నది. త్రిచూరులో 1944లో మొదలుపెట్టి, 1948లో ఇక్కడికి తరలించారు. కార్మెల్ సన్యాసినులు ఆడపిల్లల కోసము నడిపిన కళాశాల. మనలో చాలామంది పిల్లలు అక్కడ చదివినవారే. అక్కడ చదివినవారి పేర్లు కొన్ని చెబుతాను.

మార్గరెట్ ఆల్వా. మంగుళూరు వారు. అక్కడ బి.ఏ. చదివి, ఈ ఊరిలోనే లా చదివారు. 1974లో రాజ్యసభకు వెళ్ళారు. కేంద్రములో మంత్రిగా పనిచేశారు. 2009లో ఉత్తరాఖండ్ గవర్నరైనారు, తరువాత రాజస్థాన్ గవర్నరైనారు. 2022లో ఉపరాష్ట్రపతి పదవికి నిలబడి ఓడిపోయారు.

నిరుపమా రావు. అక్కడ 1970లో ఆంగ్ల సాహిత్యములో పట్టము తీసుకున్నారు. 1973లో అఖిల భారత సర్వీసు పరీక్షలలో ప్రథమురాలిగా వచ్చి విదేశాంగ శాఖలో చేరారు. చైనాకు మన దేశము పంపిన మొదటి మహిళా రాయబారి వీరే. 2009 నుండి 2011 వరకు విదేశాంగ కార్యదర్శిగా వున్నారు. ఆంగ్ల కవిత్వము చదివి ఏమి చేస్తుంది అనేవారికి ఇదొక జవాబు.

కిరణ్ మజుందార్. అక్కడ ప్రీ యూనివర్సిటీ చదివారు. డాక్టరు కావాలని కోరిక, అది తీరలేదు. జంతుశాస్త్రములో బి.ఎస్‌సి. చేసి, ఆస్ట్రేలియా వెళ్ళి బీరు తయారీ విద్య నేర్చుకున్నారు. తిరిగి వస్తే, ఆడమనిషికి ఆ ఉద్యోగము ఎవరూ ఇవ్వలేదు. 1978లో ఈ ఊరిలోనే ఒక అద్దె ఇంటి గారేజీలో, పదివేల రూపాయల మూలధనముతో బయోకాన్ పెట్టారు. మొదట బొప్పాయి పాల నుండి తీసే ఎంజైము వంటివి చేసేవారు. తరువాత ఇన్సులిన్ దాకా వెళ్ళారు. రెండు తలుపులు మూసుకున్నవి కనుకనే మూడవ తలుపు తానే చేసుకున్నారు.

పిల్లలు చప్పట్లు కొట్టడానికి మరొక పేరు. దీపికా పదుకొనె కూడా ఆ కళాశాలలో చదివినవారే. బాడ్మింటన్ ఆడి, అది మాని, మోడలై, 2006లో ఒక కన్నడ చిత్రముతో తెరమీదికి వచ్చారు. 2024లో మన తెలుగు ‘కల్కి’లో చూశాము. తనకు వచ్చిన మనోవ్యాధిని దాచుకోకుండా చెప్పి, అటువంటివారి సాయము కోసము 2015లో ఒక సంస్థ పెట్టినందుకు నాకు ఆమె మీద మరింత గౌరవము.

ఒక గవర్నరు, ఒక రాయబారి, ఒక కార్ఖానా యజమానురాలు, ఒక నటి. ఆ గుమ్మము దాటినప్పుడు వీరిలో ఎవరి నుదుటి మీదనైనా ఈ ఉద్యోగము వ్రాసివున్నదా? కళాశాల చేసినది ఒక్కటే. ఈడుపిల్లల మధ్య కూర్చోబెట్టి, భయము తీర్చి, రెండు మూడేళ్ళు గడువు ఇచ్చినది. ఆ గడువులో ఎవరి ఆకలి వారికి తెలిసివచ్చినది.

ఇప్పుడు నా మాట ఒకటి చెబుతాను. సభలో చెప్పదగినదో కాదో తెలియదు.

మా రెండవ అమ్మాయికి చిన్నప్పటి నుండి మొక్కల పిచ్చి. లాల్‌బాగ్‌కు వెళితే రాలిన ఆకులు ఏరి తెచ్చి, పాత టెలిఫోను డైరెక్టరీలో అణిచి, కింద పేరు వ్రాసేది. వృక్షశాస్త్రము చదువుతానన్నది. “దానితో అన్నము పుడుతుందా?” అన్నాను నేను. వాళ్ళ నాన్నగారు మెత్తబడినా నేను మెత్తబడలేదు. మొక్కై వంగనిది మానై వంగునా అని సామెత చెప్పి, వంచాను. కంప్యూటరు చదివినది. మంచి ఉద్యోగము, మంచి సంబంధము, అన్నీ వచ్చినవి. నేను గర్వపడ్డాను కూడా. ఆమధ్య నేను జానకి అమ్మాళ్‌గారిని గురించి చదివి, మురిసిపోతూ దానికి ఫోనులో చెప్పాను. అంతా విని, “బాగుందమ్మా. నేను సుఖముగానే వున్నాను. కాని అప్పుడు నీకేమి ఇష్టమే అని నన్ను ఒక్కరైనా అడగలేదు” అన్నది. కోపముగా అనలేదు. కోపముగా అన్నా బాగుండేది. ఆ డైరెక్టరీ ఇంకా మా అటక మీద వున్నది. పారవేయడానికి నాకు చేతులు రావడము లేదు.

అందరూ జానకి అమ్మాళ్‌లు కారు. మా అమ్మాయి కూడా కాకపోవచ్చును. అడగవలసిన మాట అడగకపోవడము మాత్రము నా తప్పే. వేరే ఊరికి వచ్చి బ్రతికిన మనకు ఒక భయము వున్నది. ఇక్కడ మనకు పొలము లేదు, వెనుక బలగము లేదు, కనుక పిల్లలు తప్పనిసరిగా గట్టి దారినే నడవాలని. ఆ భయము నాకు తెలుసు. కాని ఒకే దారిన అందరినీ తోలితే ఆ దారి కూడా ఇరుకవుతుంది.

మన సంఘమువారికి నా మనవి రెండే మాటలు. మన జిల్లాల నుండి ఈ ఊరికి చదువుకోవడానికి వచ్చి, హాస్టళ్ళలో, పేయింగ్ గెస్టు గదులలో ఒంటరిగా వుంటున్న తెలుగు ఆడపిల్లలు ఎందరో వున్నారు. ఈవేళ పండుగనాడు వారు ఏమి తిన్నారో మనకు తెలియదు. ప్రతి కుటుంబమూ అటువంటి అమ్మాయిని ఒక్కరిని ఎంచుకొని, పండుగలకు ఇంటికి పిలిచి ఇంత అన్నము పెట్టండి. జ్వరము వస్తే కబురు చేయడానికి ఒక గుమ్మము వున్నదని ఆ పిల్లకు తెలియనివ్వండి. గ్రీకు అక్షరాలు లేకపోయినా మన సహోదరీ సంఘము అదే అవుతుంది.

రెండవది. ఆ పిల్ల భోజనానికి కూర్చున్నప్పుడు జీతమెంత వస్తుంది, సంబంధాలు చూస్తున్నారా అని అడగకండి. ఆ ప్రశ్నలు అడిగేవారు దానికి వేరే చాలామంది వున్నారు. “నీకేమి చదవడము ఇష్టమమ్మా?” అని అడగండి. తరువాత ఇంటిలో వున్న మీ పిల్లను కూడా అదే అడగండి.

నేను వచ్చే ఆదివారము ఆ డైరెక్టరీ అటక మీద నుండి దించి, మా మనుమరాలి చేతికి ఇవ్వదలచుకున్నాను. దానికి ఇష్టమైతే తెరుస్తుంది, లేకపోతే లేదు.

 విస్తళ్ళు వేశారు, పదండి.