దుబాయి ప్రయాణం - టికెట్టు మీది టైము



జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు గల్ఫ్ పోయినవాళ్లు లేని ఊరు అరుదు. అప్పు చేసి టికెట్టు కొంటారు. దాని మీది అంకెలు తప్పు చదివితే విమానం పోతుంది. డబ్బూ పోతుంది.

శంషాబాద్ నుంచి దుబాయికి సూటిగా గీత గీస్తే సుమారు 2,550 కిలోమీటర్లు. పెద్ద విమానం గంటకు దాదాపు 850 కిలోమీటర్లు పోతుంది. ఆ లెక్కన మూడు గంటలు చాలు. కానీ విమానం మొదట నేల మీద కొంతసేపు నడవాలి. మెల్లగా పైకెక్కాలి. దిగేటప్పుడు వేగం తగ్గించుకోవాలి. దారి కూడా గీత గీసినట్టు ఉండదు. అందుకని సుమారు నాలుగు గంటలు పడుతుంది.

వచ్చేటప్పుడు మాత్రం మూడున్నర గంటలే! దూరం అదే గదా, మరి టైము ఎట్లా తగ్గింది? పది కిలోమీటర్ల ఎత్తున గాలి పడమటి నుంచి తూర్పుకు జోరుగా వీస్తుంది. చలికాలంలో మరీ ఎక్కువ. పోయేటప్పుడు అది ఎదురుగాలి. వచ్చేటప్పుడు వెనక నుంచి తోసే గాలి. సైకిలు తొక్కేవాళ్లకు ఇది వేరే చెప్పాలా?

ఇక టికెట్టు చూద్దాం. హైదరాబాద్‌లో బయలుదేరేది 10:00. దుబాయి చేరేది 12:30. అంటే ప్రయాణం రెండున్నర గంటలేనా? కాదు, నాలుగు గంటలే. టికెట్టు మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. సూర్యుడు మనకు ముందు పొడుస్తాడు, దుబాయిలో తర్వాత పొడుస్తాడు. అక్కడి గడియారం మనకన్నా గంటన్నర వెనక ఉంటుంది. అక్కడ 12:30 అయితే ఇక్కడ మధ్యాహ్నం రెండు.

అన్నిటికన్నా ఎక్కువగా మోసం చేసేది అర్ధరాత్రి విమానం. టికెట్టు మీద 15వ తేదీ, 00:30 అని ఉంటుంది. సున్నా సున్నా అంటే రాత్రి పన్నెండు. 14వ తేదీ రాత్రి పన్నెండు దాటగానే 15 వచ్చేస్తుంది. ఆ తర్వాత అరగంటకే విమానం. 15 అని చూసి 15 రాత్రి పోతే అది వెళ్లిపోయి ఒక రోజు అయినట్టే!

మూడు గంటల ముందే విమానాశ్రయంలో ఉండాలి. అంటే 14 రాత్రి తొమ్మిదిన్నరకల్లా. జగిత్యాల నుంచి శంషాబాద్ 200 కిలోమీటర్ల పైనే. బస్సులు మారి పోతే ఐదారు గంటలు. దుబాయి పోవడం కంటే శంషాబాద్ పోవడానికే ఎక్కువసేపు! దారిలో బస్సు ఆగిపోయినా ఇబ్బంది లేకుండా 14 మధ్యాహ్నం రెండింటికే ఇల్లు కదలాలి.

ఎదురుపోయేవాళ్లకూ ఇదే లెక్క. దుబాయిలో 20వ తేదీ 21:30కి విమానం ఎక్కితే, అంటే అక్కడ రాత్రి తొమ్మిదిన్నరకు, మూడున్నర గంటల ప్రయాణం. దానికి గంటన్నర కలపాలి. శంషాబాద్‌లో దిగేది 21వ తేదీ 02:30. తెల్లవారుజామున రెండున్నర. కారు మాట్లాడుకునేవాళ్లు 20వ తేదీ సాయంత్రానికే మాట్లాడుకోవాలి. 21 సాయంత్రం బయలుదేరితే ఆ మనిషి పెట్టెలు పట్టుకుని పగలంతా అక్కడే కూర్చోవాలి.