శిశిరమున పెరటితోట



మాఘమాసము నడచుచున్నది. ఉదయమున మంచు, మధ్యాహ్నమున ఎండ. ఈ రెండింటి నడుమ చెట్లు ఆకులు రాల్చుచున్నవి. ఈ దినములలో సాయంకాలమగుసరికి ఊరూర పెరళ్లనుండి పొగలు లేచుట మీరెఱిగినదే. ఆకులనూడ్చి, కుప్పవేసి, నిప్పంటించి, పెరడు శుభ్రమైనదని సంతసించుట మనకలవాటు. ఈ యలవాటును మానుడని విన్నవించుటకే నేడు మాటలాడుచున్నాను.

నేనును ఈ తప్పు చేసినవాడనే. మా తండ్రిగారు నాటిన నిమ్మచెట్టొకటి మా పెరటిలో నుండెడిది. మా యింటికే కాక, ఇరుగుపొరుగువారి ఊరగాయలకును చాలునంతగా కాచెడిది. ఒక శిశిరమున దాని చెంతనే ఆకులు ప్రోగుచేసి తగులబెట్టితిని. మంట కొమ్మలను తాకలేదు గదా యని నిశ్చింతగా నుంటిని. కాని నిమ్మకు ఆహారమునందించు సన్నని పిల్లవేళ్లు పైమంటిలోనే యుండును. ఆ వేడికి మొదటి బెరడు ఒక ప్రక్క పగిలినది. వేసవిలో కొమ్మలు కొనలనుండి ఎండసాగినవి. మఱుసటి యేటికి చెట్టే లేదు. బడిలో పిల్లలకు వృక్షములను గూర్చి పాఠము చెప్పిన నాకు ఆ పాఠము అప్పుడు బోధపడినది.

ఆకనగా చెట్టు భూమినుండి గైకొన్న సారము. దానిని కాల్చినచో నత్రజని పొగతో పోవును. మట్టిని గుల్లగా నుంచు జీవపదార్థము నశించును. మనకు మిగులునది బూడిద. ఆ పొగ పసిపిల్లలకును, ఉబ్బసము గలవారికిని హానికరము.

ఆకులతో చేయదగిన పనులు రెండు. మొదటిది పాదుకు పఱపు. పాదును వేళ్లు తెగకుండ పైపైన గుల్లచేసి, నిండుగా నీరుపోసి, 3 అంగుళముల మందమున ఆకులు పఱవవలయును. మొదలునకు జానెడు దూరము విడువుడు. తాకియున్నచో చెమ్మకు బెరడు క్రుళ్లును, చెదలును పట్టును. ఈ పఱపు వలన వేసవియెండ మట్టిని తాకదు, చెమ్మ నిలుచును, బావినీరు మిగులును.

రెండవది ఎఱువుగొయ్యి. ఇండోరున పనిచేసిన ఆల్బర్టు హోవర్డు అను శాస్త్రజ్ఞుడు చెత్తనుండి ఎఱువుచేయు పద్ధతిని 1931లో గ్రంథరూపమున వెలువరించెను. మన పెరటికి తగినట్లు దాని సారము చెప్పుదును. 3 అడుగులకు మించని లోతున గొయ్యి త్రవ్వి, ఆకులొక వరుస, పేడయు మట్టియు కొంచెము బూడిదయు ఒక వరుసగా పేర్చుడు. పిండిన గుడ్డవలె చెమ్మగా నుండవలయును గాని నీరు నిలువరాదు. నెలకొకమారు తిరుగవేయుడు, గాలి సోకనిచో కంపుకొట్టును. మాఘమున పేర్చినది తొలకరికి నల్లని ఎఱువగును. తెగులు సోకిన ఆకులను మాత్రము ఇందు కలుపక, దూరముగా పూడ్చుడు.

తక్కిన పనులు క్లుప్తముగా చెప్పెదను. మామిడి విరియబూచి యున్నపుడు పురుగుమందు చల్లరాదు. పూత పిందెయగుటకు ఈగలును తేనెటీగలును కావలయును. పిందె బఠాణీగింజంతయైన పిమ్మట నీరు పెట్టుడు. మల్లెపొదలకు ఆకుదూసి, ఎండుకొమ్మలు కత్తిరించి, పశువుల ఎఱువువేసి నీరు కట్టుడు. వేసవి తొలినాళ్లకే మొగ్గ తొడుగును. వాకిటి గరికపచ్చిక వన్నె తగ్గినను చచ్చినదని త్రవ్వవలదు. దాని కణుపులలో ప్రాణముండును, ఎండ హెచ్చినకొలది చిగిర్చును. బెండ, బీర, సొర విత్తుటకు ఇది అదను. బెండగింజలను ముందొక రాత్రి నీట నాననిండు.

పెద్దలు చేసినదే పిల్లలు చేయుదురు. రేపు ఉదయమున పెరడూడ్చు మనుమని చేతికి అగ్గిపెట్టెకు మాఱుగా గంప నిండు. మా నిమ్మచెట్టు పోయిన చోటనే నేను మఱియొక మొక్క నాటితిని. దాని పాదున నేడు ఆకులపఱపున్నది. దాని కాయలు నేను తిందునో లేదో గాని, ఊరగాయ పెట్టువారు ఇంట నుందురు.