ట్రైలరు బ్యాటరీ చార్జి కానప్పుడు

అమెరికాలో కారు వెనుక తగిలించుకొని పోవు నివాసపు ట్రైలరులో దీపములకును నీటి పంపునకును ఆధారమైన 12 వోల్టుల బ్యాటరీ, విడిదిలో రాత్రియంతయు కరెంటు తగిలించి ఉంచినను చార్జి కాకున్నచో, దానిని పారవేయుటకు ముందు దోషస్థానమును క్రమముగా అన్వేషింపవలయును.

మొదట వోల్టుమీటరుతో బ్యాటరీ ధ్రువములను పరీక్షింపుడు. సీసపు బ్యాటరీ పూర్తిగా నిండి విశ్రాంతిగా నున్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపును; చార్జి అగుచున్నప్పుడు 13 వోల్టులను మించి, సాధారణముగా 13.6 వరకైనను పోవలెను. ఆ పెరుగుదల కానరానిచో, ఏసీని డీసీగా మార్చు కన్వర్టరు వద్ద కొలువుడు. అచ్చట సరిగా నుండి బ్యాటరీ వద్ద లేకున్నచో, దోషము నడుమనున్న ఫ్యూజునందో, ఆపివేసి మరచిన స్విచ్చునందో, చిలుము పట్టిన తీగకొనలయందో కలదని గ్రహింపుడు. కన్వర్టరు వద్దనే లేకున్నచో, దాని బ్రేకరును, బ్యాటరీ తీగలు తారుమారైనప్పుడు కాలిపోవు రక్షక ఫ్యూజులను చూడుడు. వోల్టేజి చక్కగా చేరుచున్నను శక్తి నిలువకున్నచో, లోపము చాలవరకు బ్యాటరీదే యగును.

చార్జి అగు బ్యాటరీ నుండి మండు స్వభావముగల హైడ్రోజన్ వెలువడును గనుక నిప్పును దరిచేర్పకుడు. తీగలు విప్పవలసినచో, ముందుగా కరెంటు తొలగించి, ఋణధ్రువపు తీగనే మొదట విప్పుడు.