అర్జీ రాయగల చేయి కావాలి

(పామర్రులో యువతీ యువకుల పౌర శిక్షణ తరగతుల ప్రారంభ సభలో చేసిన ప్రసంగ పాఠం)





ముందుగా ఒక అనుభవాన్ని మీ ముందుంచుతాం. మేము ఎరిగిన ఒక అమ్మాయి ఇంటర్మీడియట్‌లో మంచి మార్కులు సాధించింది. తీరా ప్రవేశాల వేళకు ఆమె ఇంటిపేరు పదవ తరగతి ధ్రువపత్రంలో ఒక విధంగా, ఆధార్ కార్డులో మరొక విధంగా, తండ్రి ఓటరు కార్డులో ఇంకొక విధంగా ఉన్నట్లు తేలింది. ‘షేక్’ అనే రెండక్షరాల మాటకు ఇంగ్లీషులో మూడు స్పెల్లింగులు! వాటిని సరిదిద్దించి కులధ్రువీకరణ పత్రం పొందేసరికి గడువు దాటిపోయింది. కోరుకున్న సీటు చేజారింది. ఆ కుటుంబంతో పాటు మేమూ పలువురు నాయకుల గుమ్మాలు ఎక్కి దిగాం. ఎవరూ కాదనలేదు, కానీ పని మాత్రం జరగలేదు. అప్పుడు కావలసినది సిఫారసు కాదని, ఆరు నెలల ముందు రాయవలసిన ఒక దరఖాస్తు అని మాకు ఆలస్యంగా బోధపడింది. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. నిజం చెప్పాలంటే మాకూ తెలియదు.

ఆ పత్రం విలువ ఎంతటిదో ఆలోచించండి. ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు విద్య, ఉద్యోగాలలో 4 శాతం రిజర్వేషన్ కల్పిస్తూ 2007లో చట్టం వచ్చింది. అంతకుముందు చేసిన ప్రయత్నాలు న్యాయస్థానంలో నిలువలేదు. 2007 చట్టాన్ని కూడా 2010లో హైకోర్టు కొట్టివేయగా, అదే సంవత్సరం సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు వల్ల అది అమలులో నిలిచింది. ఇన్ని న్యాయపోరాటాల నడుమ నిలిచిన హక్కు, మన ఇంటి గడప వరకు వచ్చి ఒక స్పెల్లింగు దగ్గర ఆగిపోవడం ఎంతటి విషాదం! మన వీధిలోనే బీసీ-ఇ పరిధిలోకి వచ్చేవారు ఉన్నారు, బీసీ-బిలో ఉన్న దూదేకుల సోదరులు ఉన్నారు, ఈ రెండింటిలోనూ లేనివారూ ఉన్నారు. తాను ఏ కోవకు చెందుతాడో ప్రతి విద్యార్థికీ తెలిసి ఉండాలి కదా?

డెల్టాలో పుట్టిన మనకు శివారు భూముల సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. ప్రకాశం బ్యారేజీ వద్ద నీరు వదిలినంత మాత్రాన కాలువ చివరి పొలం తడవదు. నీరు ఎప్పుడు వదులుతారో తెలుసుకొని, తూము దగ్గరకు వెళ్లి నిలదీసే రైతు ఉన్న చోటికే అది చేరుతుంది. హక్కులు కూడా అటువంటివే. శాసనసభలో పుట్టిన చట్టం మన పేటకు చేరాలంటే, దారి తెలిసినవారు ఇక్కడ ఉండాలి.

ప్రజలను ఈ విధంగా సిద్ధం చేయడం మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య వంటివారు పల్లెపల్లెకూ పుస్తకాన్ని, పత్రికను చేర్చే ఉద్యమం నడిపారు. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపారు. 1930లలో ఆచార్య ఎన్.జి. రంగా నిడుబ్రోలులో రైతుబిడ్డలకు రాజకీయ విద్య నేర్పే పాఠశాల స్థాపించారు. ఆ రోజులలోనే పిఠాపురానికి చెందిన ఉమర్ ఆలీషా తెలుగు కవిపండితునిగా పేరొంది, కేంద్ర శాసనసభకు సైతం ఎన్నికయ్యారు. ఆ వారసత్వంలో మనకూ భాగం ఉంది.

ఇక్కడ కొందరు యువకులు మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు: “పామర్రు శాసనసభ స్థానం ఎస్సీలకు రిజర్వు అయింది కదా, ఇక మాకు నాయకత్వ శిక్షణ ఎందుకు?” ఈ ప్రశ్నను దాటవేయడం మాకు ఇష్టం లేదు. 2008 పునర్విభజనలో ఏర్పడిన ఈ స్థానం దళిత సోదరుల న్యాయమైన హక్కు. దానిని మనం మనస్ఫూర్తిగా గౌరవిస్తాం. అయితే నాయకత్వం అంటే ఒక్క ఎమ్మెల్యే పదవే అనుకోవడంలోనే మన పొరపాటు ఉంది. పంచాయతీ వార్డు ఉంది, పాఠశాల తల్లిదండ్రుల కమిటీ ఉంది, నీటి వినియోగదారుల సంఘం ఉంది. పదవి లేకున్నా గ్రామసభలో లేచి మాట్లాడే హక్కు ప్రతి ఓటరుకూ ఉంది. వాటిలో మన ఖాళీ కుర్చీలకు ఎవరిని నిందించగలం?

అందుచేత ఈ తరగతులలో ఉపన్యాసాలు తక్కువగా, అభ్యాసం ఎక్కువగా ఉంటుంది. మొదటి పని ఓటరు జాబితా. 18 ఏళ్లు నిండినవారి పేరు చేర్చడానికి ఫారం 6, తప్పులు దిద్దడానికి ఫారం 8. ఏటా జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల ఒకటవ తేదీలను అర్హతకు ప్రమాణంగా తీసుకుంటారు. 17 ఏళ్లు నిండినవారు ముందుగానే దరఖాస్తు చేసుకోవచ్చు. మీ వీధిలోని ప్రతి ఇంటి పేర్లను జాబితాతో సరిచూడటం మీ తొలి పాఠం. రెండవది, సచివాలయానికైనా తహసీల్దారు కార్యాలయానికైనా అర్జీ స్వహస్తాలతో రాయడం, రసీదు తీసుకోవడం, తేదీ గుర్తుంచుకొని మళ్లీ వెళ్లడం. మూడవది, 2005 నాటి సమాచార హక్కు చట్టం. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం దరఖాస్తు రుసుము గ్రామస్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజులలో సమాధానం రావాలి. నాలుగవది, సభలో నిలబడి మూడు నిమిషాలలో, కోపం లేకుండా, ఆధారంతో ఒక సమస్యను వివరించడం. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు మాట్లాడే మన పిల్లలకు రెండు భాషలలోనూ ఈ సాధన అవసరం.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. కుమారుణ్ణి పంపి కుమార్తెను ఇంట ఉంచకండి. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల స్థానాలలో సగం మహిళలకే కేటాయించబడ్డాయి. మన ఆడబిడ్డలను సిద్ధం చేయకపోతే, రేపు వారి పేరుతో మరొకరు సంతకాలు నడిపిస్తారు.

యువతకు ఒక హెచ్చరిక. నాయకుని పక్కన నిలబడి ఫొటో దిగడం నాయకత్వం కాదు. దివ్య ఖుర్ఆన్‌లో ఒక సూరాకు ‘షూరా’, అంటే సంప్రదింపు, అని పేరు. అధికారం అమానత్ అని మన పెద్దలు నేర్పారు. నలుగురినీ సంప్రదించనివాడు, లెక్క చెప్పనివాడు మసీదు కమిటీలో ఉన్నా మంత్రివర్గంలో ఉన్నా ఆ అమానత్‌కు ద్రోహం చేసినట్లే. మన కమిటీల లెక్కలను కూడా మీరు గౌరవంగా అడగండి. అడిగించుకోవడానికి మేము సిద్ధంగా ఉన్నాం.

మీరు రాసే మొదటి అర్జీ మీ సొంత పని కోసం కాకూడదని మా కోరిక. మీ వీధిలోని ఒక వృద్ధురాలి పింఛను కోసం రాయండి. దళితవాడలోని దీపం కోసం రాయండి. అమ్మే ఇంటి తల్లి ఏ మతానిదని అడగకుండా పొరుగువారి రేషన్ కార్డు కోసం రాయండి. మన సమస్యపై రేపు వారు మన వెంట నడుస్తారు.

సీటు కోల్పోయిన ఆ అమ్మాయికి మేము చేయగలిగింది అప్పుడు లేకపోయింది. అటువంటి మరొక బిడ్డ ఈ మండలంలో ఉండకూడదు. వచ్చే ప్రవేశాల నాటికి మన ప్రతి ఇంటిలో పత్రాలు సరిగా ఉన్నాయని మీరే మాకు చెప్పాలి. ఇన్షా అల్లాహ్, చెబుతారని మా నమ్మకం.